గుఱ్ఱమా, యంత్రమా? చమురు కఱవునాటి సేద్యబలము

సేద్యమునకు పశుబలము మేలా, యంత్రబలము మేలా అను ప్రశ్నకు చమురు చవుకగా దొరకు దినములలో ఒక సమాధానమును, చమురు కఱవైన దినములలో వేఱొక సమాధానమును వినవచ్చుచుండును. ఏ సమాధానమునైనను లెక్క చూచుకొని గ్రహించుట యుక్తము. అందులకు తోడ్పడు ఇతర దేశముల అనుభవములను కొన్నిటిని కర్షక సోదరులకు ఇందు తెలుపుచున్నాము.

మొదట మేత సంగతి. గుఱ్ఱము పనియున్న దినమునను తినును, పనిలేని దినమునను తినును. యంత్రము నడచునప్పుడు మాత్రమే చమురు త్రాగును. అమెరికా సంయుక్త రాష్ట్రముల పల్లెలలో 1920 ప్రాంతమున సుమారు రెండున్నర కోట్ల గుఱ్ఱములును కంచరగాడిదలును ఉండెను. వాని మేతకై ఆ దేశపు పంటభూమిలో ఇంచుమించు నాలుగవ వంతు వినియోగపడుచుండెను. 1960 నాటికి వాని సంఖ్య సుమారు 30 లక్షలకు దిగెను. వాని మేతకు పట్టిన భూమి ఇతరమైన పంటలకు లభించెను. యంత్రము తెచ్చిన లాభములలో వేగముతోపాటు ఇదియు గణింపదగినది.

కొఱత ఎల్లప్పుడును చమురునకే కలుగునని తలపరాదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభము కాగానే బ్రిటిష్ ప్రభుత్వము పల్లెలనుండి గుఱ్ఱములను సైన్యమునకై తీసికొనెను. 1917లో జర్మనుల జలాంతర్గాములు ధాన్యపు ఓడలను ముంచుచుండగా, ఆ దేశము తన నేలనే హెచ్చుగా దున్నుకొనవలసి వచ్చెను. దున్నుటకు గుఱ్ఱములు చాలలేదు, మనుష్యులును చాలలేదు. అప్పుడు అమెరికానుండి సుమారు 6,000 ఫోర్డుసన్ ట్రాక్టర్లను తెప్పించిరి. అచట యంత్రమే ఆదుకొనినది.

క్యూబా దీవి అనుభవము దీనికి విపరీతము. ఆ దేశము సోవియట్ యూనియన్ నుండి వచ్చు చమురును, ట్రాక్టర్లను, విడిభాగములను నమ్ముకొని పెద్ద ప్రభుత్వ క్షేత్రములలో సేద్యము సాగించెను. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యెను. 1989కిని 1992కిని నడుమ క్యూబాకు చేరు చమురు సగమునకు తగ్గెను. ట్రాక్టర్లు మూలపడెను. అంతట కోడెలకు కాడి మరపుటయు, ఎడ్ల నాగళ్లు చేయుటయు దేశమంతట ఆరంభమయ్యెను. ఆ దశాబ్దములో పనియెడ్ల సంఖ్య రెట్టింపునకు మించెను. 1993లో ప్రభుత్వ క్షేత్రములను విభజించి సహకార సంఘములకు అప్పగించిరి. అయినను 1990లో సుమారు 80 లక్షల టన్నులైన చక్కెర 1993లో సుమారు 43 లక్షల టన్నులకు పడిపోయెను. ఎఱువులును విడిభాగములును లేకపోవుటయు ఇందులకు కారణమే. కాని పశుబలము ఒక్క యేట సిద్ధము కాదనుట ఇందువలన స్పష్టమగుచున్నది.

ఏలయనగా, గుఱ్ఱము పదునొకండు నెలలు చూలు మోయును. పుట్టిన పిల్ల మూడు నాలుగేండ్లకు గాని బరువుపనికి రాదు. కోడెదూడకును ఇంచుమించు అంత కాలము పట్టును. యంత్రమును ఒక్క దినమున కొనవచ్చును, కాని చమురు లేనినాడు అది ఒక్క దినముననే నిలిచిపోవును. పశువు మేత మన పొలములో పండును, దాని పేడ మరల పొలము చేరును, దాని సంతతి దాని స్థానమును నింపును. యంత్రమునకు ఈ మూడును లేవు.

మనకు గుఱ్ఱపు స్థానమున ఎద్దు కలదు. ఎడ్లజతలు మిగిలియున్న గ్రామములు వానిని భారమని ఒక్కమాఱుగా అమ్మివేయుట వివేకము కాదు. లోతు దుక్కియు, అదను తప్పరాని పనులును యంత్రమునకు విడిచి, గుంటక తోలుట, గొఱ్ఱుతో విత్తుట, దగ్గఱి బండితోలకము ఎడ్లకు ఇచ్చినచో రెండును నిలుచును. ఒక్క రైతు భరింపలేని యంత్రపు ఖరీదును సంఘము భరింపవచ్చును. అట్లే మేలుజాతి ఆబోతును, మేతబీడును, నాగలి పని తెలిసిన వడ్రంగిని, కమ్మరిని నిలుపుకొనుటయు సంఘమునకు తగిన పనియే. చమురు కఱవు చెప్పి రాదు. కాడి దించిన గ్రామము మరల కాడి ఎత్తుటకు మూడేండ్లకు తక్కువ పట్టదని ప్రతి సంఘమును తన సమావేశమున ఆలోచింపవలెనని మనవి.