గోడబొమ్మ, బేరగాడు

కచేరీ ప్రకటనగా గోడపై అంటించిన బొమ్మకు ఆయువెంత? పాట ముగియువరకే. అయినను కొన్ని చిరంజీవులైనవి.

1966 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరమందలి అవలాన్ బాల్‌రూములో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందము కచేరీ చేసినది. దానికి స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ అను చిత్రకారులు పోస్టరు కూర్చిరి. ఉమర్ ఖయ్యాము రుబాయీలకై ఎడ్మండ్ సలివన్ పూర్వము వేసిన అస్థిపంజరము, గులాబీల బొమ్మయే దానికి మూలము. నాడు ప్రచారమునకై పంచిన ఆ కాగితపు ప్రతియొకటి 2019లో వేలమున లక్ష డాలర్లకు పైగా పలికినది. అర్ధశతాబ్ది చెదలనుండి, తేమనుండి కాపాడినందుకు లభించిన ఫలమది, దానిని తప్పుపట్టలేము.

నేటి వ్యవహారము వేరు. వరుససంఖ్య వేసిన కొద్ది ప్రతులను కచేరీ ముంగిటనే అమ్ముదురు. పాటపై మక్కువలేని బేరగాడు ముందుగా నిలిచి నాలుగైదు కొనును. ఆ రాత్రియే ఈబే అంగడిలో రెండుమూడింతల వెలకు అమ్మజూపును. అభిమాని వట్టిచేతులతో ఇల్లు చేరును. పెరిగిన వెలలో చిత్రకారునికి దమ్మిడీయైన రాదు. వేలములో చిత్రము మరల అమ్ముడైనపుడు చిత్రకారునికి పాలు ఈయవలెనని ఫ్రాన్సు 1920లోనే శాసించినది. అమెరికాలో అట్టి సమాఖ్య శాసనము నేటికిని లేదు.

కాలము తెచ్చిన అరుదుతనము వేరు. దాచి కల్పించిన కరవు వేరు. మనిషికొక్కటే అను నియమము కొంత మేలు చేయును. అంతకుమించిన మందు అభిమాని చేతిలోనే కలదు: కొనువాడు లేనిచో ఆ బేరము నిలువదు.