దంచుడు అంటే ఒట్టి కొట్టుడేనా?

ఇయ్యాల్టి మాట "దంచుడు". మా లింగంపేట దిక్కు, అటు ఎల్లారెడ్డి, ఇటు కామారెడ్డి దాకా ఎక్కడ నిలబడ్డా చెవిన పడే మాట. "నిన్న వాళ్ల నాయిన వాణ్ని పొట్టుపొట్టు దంచిండు" అంటరు. మరి కొట్టిండు అంటే సరిపోదా? సరిపోదు. కొట్టుడు ఒక్క దెబ్బతోని అయిపోతది. దంచుడంటే ఆగకుండ, దెబ్బ మీద దెబ్బ పడాలె.

ఎందుకంటే ఈ మాట కొట్లాటల పుట్టలే, రోట్ల పుట్టింది. వడ్లు పోసి రోకలితోని పోట్లు వేసుడే అసలు దంచుడు. సూపర్‌మార్కెట్ల ప్యాకెట్ మీద "దంపుడు బియ్యం" అని చూస్తరు కదా, అదీ ఇదీ ఒకటే. పెంచు నుంచి పెంపు, వంచు నుంచి వంపు, అట్లనే దంచు నుంచి దంపు. కోస్తాల "దంచడం" అంటరు, మనకు "దంచుడు". అంతే తేడా. ఇగ "పొట్టుపొట్టు" అంటే, గింజ మీది పొట్టు ఊడేదాక అన్న లెక్క అని నా అంచనా.

ఇదొక్కటే కాదు. ఉతుకుడు బట్టలది, తోముడు గిన్నెలది, ఏకుడు దూదిది. దెబ్బల మాటల్ల సగం ఇంటి పనులే! పని చేసింది ఎక్కువ ఆడోళ్లు, ఆ మాట వాడి మీసం తిప్పేది మగోళ్లు.

అన్నిసార్లు దెబ్బలే అని కూడా కాదు. వాన దంచికొడతది. స్టేజీ ఎక్కినోడు ఇంగ్లీష్‌ల దంచుతడు.

రోట్ల దంచుడికి మాత్రం ఒక హద్దు ఉంటది. పొట్టు పోవాలె, గింజ విరగొద్దు. విరిగితే నూకలే. అందుకే నడుమ ఆపి, చాటల చెరిగి, చూసుకుంట మళ్ల దంచుతరు. మనుషుల మీదికి వచ్చేసరికి ఆ హద్దు పోయింది, నవ్వు మిగిలింది. "సార్ దంచిండు" అని బడి పిల్లగాడు చెప్తే ఇంట్ల నవ్వి ఊకుంటరు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టుడు వద్దన్నది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉన్నది. తమ్ముళ్లు, చెల్లెళ్లు, నిజంగ దెబ్బలు పడితే "దంచిండు" అనకుండ్రి, "కొట్టిండు" అని చెప్పుండ్రి. ఇంట్ల వినకుంటే 1098కి ఫోన్ కొట్టుండ్రి, పైసలు పడయి.

రోలు ఇంకా ఉన్న ఇండ్లు ఎన్నో! దంచేటప్పుడు ఇంకేమేం మాటలు వాడుతుండెనో మీ నాయినమ్మను అడిగి కింద రాయుండ్రి. వచ్చే ఎపిసోడ్ల "ఏకుడు" సంగతి చూద్దాం.