మీకు తెలుసా? గోదావరిఖని నీటి గొట్టాలకు ముప్పు చలితో కాదు, ఎండతో
నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరిగి, మూసి ఉన్న గొట్టంలో పీడనం హెచ్చి అది పగులుతుంది గనుక, శీతల దేశాల ఇళ్లలో గొట్టాలకు ఉష్ణబంధక తొడుగులు, అంటే వేడిని బయటికి పోనివ్వని పొరలు, చుడతారు. సింగరేణి బొగ్గుగనులున్న రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో చలికాలంలోనూ ఉష్ణోగ్రత 0 డిగ్రీల దాకా పడిపోదు. వేసవిలో మాత్రం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి, మిద్దెపై ట్యాంకు నుంచి దిగే పీవీసీ గొట్టాలకు ఎండే అసలు శత్రువు. అతినీలలోహిత కిరణాలు, అంటే సూర్యకాంతిలో కంటికి కనిపించని భాగం, ప్లాస్టిక్ పైపొరను పెళుసుబారుస్తాయి. 10 మీటర్ల గొట్టం 20 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరుకు పైగా సాగి అతుకులపై ఒత్తిడి తెస్తుంది. అందువల్ల గొట్టాన్ని గోడలోనో నేలలోనో పూడ్చడం, వీలుకానిచోట నీటితో కలిపే తెల్లరంగు పూయడం, సాగుదలకు చోటుండేలా క్లాంపులు బిగించడం తప్పనిసరి.