చిన్న లేజరుకు చలువ: హీట్ సింక్ ఎంపిక

లేజరు అనగానే మనస్సు కాంతి మీదికి పోతుంది గాని వేడి మీదికి పోదు. కాని అర్ధవాహక లేజరు చరిత్ర చాలావరకు వేడితో జరిగిన పోరాటమే. 1962లో అమెరికాలో రాబర్ట్ హాల్ మొదటి అర్ధవాహక లేజరును వెలిగించినప్పుడు దానిని ద్రవ నత్రజనితో సున్నాకు దిగువన 196 డిగ్రీల వరకు చల్లార్చి, తెరలు తెరలుగా మాత్రమే నడపవలసి వచ్చింది. గది ఉష్ణోగ్రత వద్ద ఎడతెగకుండా వెలిగే లేజరు 1970లో గాని సిద్ధించలేదు. లెనిన్‌గ్రాడులో అల్ఫెరోవ్ బృందమూ, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో హయాషి, పానిష్‌లూ ఇంచుమించు ఒకే కాలంలో దానిని సాధించారు.

'గది ఉష్ణోగ్రత' అన్న ఆ మాటలోనే మనకు చిక్కు ఉన్నది. తయారీదారుల పట్టికలలో గది అంటే 25 డిగ్రీలు. కర్నూలులోనైనా హైదరాబాదులోనైనా మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద గది అంటే 42 డిగ్రీలు. ప్రాజెక్టు నిమిత్తం లేజరు కొనే మన విద్యార్థులు ఈ తేడాను లెక్కలో వేయకపోవడం వల్లనే డిసెంబరులో చక్కగా వెలిగిన పరికరం పరీక్షల నాటికి మసకబారుతున్నది. మేము తెలుగు చెప్పేవారమైనా, కూడికలు, భాగహారాలతో తేలే విషయం గనుక ఇక్కడ వివరించ సాహసిస్తున్నాము.

డయోడు వేడెక్కిన కొద్దీ వెలగడం మొదలుపెట్టడానికే ఎక్కువ విద్యుత్తు కావలసివస్తుంది. అంటే అదే ప్రవాహానికి కాంతి తగ్గి, వేడి పెరుగుతుంది. కాంతి రంగు సైతం స్వల్పంగా జరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యం ఆయువు: పది డిగ్రీలు పెరిగితే ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల మోటు లెక్క.

అయితే ప్రతి లేజరుకూ హీట్ సింక్ అక్కరలేదు. ఉపన్యాసాలలో తెర మీద చూపించే 5 మిల్లీవాట్ల ఎర్ర లేజరుకు దాని ఇత్తడి తొడుగే చాలును. చెక్క మీద అక్షరాలు చెక్కే నీలి లేజరు సంగతి వేరు. 12 మిల్లీమీటర్ల వ్యాసం, 30 మిల్లీమీటర్ల పొడవు గల గొట్టంలో ఇమిడిన అట్టి మాడ్యూలు ఒకటి 4.7 వోల్టుల వద్ద 1.2 ఆంపియర్లు తీసుకుంటున్నదనుకుందాము. లోపలికి పోయేది సుమారు 5.6 వాట్లు. కాంతిగా వెలువడేది 1.6 వాట్లు. మిగిలిన 4 వాట్లు వేడియే.

ఇక ఓమ్ నియమాన్ని జ్ఞాపకం చేసుకోవలెను. వోల్టుల స్థానంలో ఉష్ణోగ్రతల తేడాను, ప్రవాహ స్థానంలో వాట్లను ఉంచితే, వాటుకు ఎన్ని డిగ్రీలన్నది ఉష్ణనిరోధం. తొడుగు 50 డిగ్రీలు దాటరాదనుకుంటే, 25 డిగ్రీల గదిలో మనకున్న తేడా 25. నాలుగుతో భాగిస్తే వాటుకు 6.25 డిగ్రీలు. 42 డిగ్రీల గదిలో తేడా 8 మాత్రమే, భాగిస్తే 2. మాడ్యూలుకూ హీట్ సింక్‌కూ నడుమ అతుకు కోసం 0.5 తీసివేస్తే హీట్ సింక్‌కు మిగిలేది పట్టికల లెక్కలో 5.75, మన లెక్కలో 1.5. లేజరు అదే, వేడి అదే. కావలసిన హీట్ సింక్ దాదాపు నాలుగింతలు మేలైనది కావలెను!

పరిమాణంలో చెప్పవలెనంటే, ఫ్యాను లేకుండా సహజమైన గాలికి చల్లారే రెక్కల దిమ్మెకు సుమారు 600 ఘనసెంటీమీటర్లను ఆ నిరోధంతో భాగించి చూడవచ్చును. మొదటిదానికి నూరు ఘనసెంటీమీటర్ల పైచిలుకు. రెండవదానికి నాలుగువందలు, అంటే చిన్న ఇటుకలో మూడవ వంతు. సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి విసిరే చిన్న ఫ్యాను పెడితే ఆ 600 స్థానంలో 200 వేసుకోవచ్చును. అప్పుడు మే నెలకు కూడా 130 ఘనసెంటీమీటర్లతో సరిపోతుంది. ఈ కారణం చేతనే పాత కంప్యూటర్ల అంగళ్లలో ఫ్యానుతో సహా దొరికే హీట్ సింక్ మన విద్యార్థికి అన్నిటికంటె చవకైన మార్గమని మా అభిప్రాయం. ఆ ఫ్యానును తీసివేసి వాడితే మాత్రం ప్రయోజనం ఉండదు. దాని రెక్కలు మరీ దగ్గరగా ఉండుటచే గాలి తనంతట తాను వాటి నడుమ కదలలేదు. ఫ్యాను లేనివాటికి రెక్కల నడుమ ఆరేడు మిల్లీమీటర్ల సందు ఉండి, రెక్కలు నిలువుగా నిలబడవలెను.

హీట్ సింక్ ఎంత గొప్పదైనా అతుకు చెడితే అంతా వృథా. గొట్టానికీ దిమ్మె రంధ్రానికీ మధ్య చుట్టూ మిల్లీమీటరులో పదవ వంతు గాలి సందు మిగిలితే, దాని నిరోధం వాటుకు 3.4 డిగ్రీలు! నాలుగు వాట్లకు 13 డిగ్రీలు పైగా అక్కడే పోతాయి. మనకున్నవే ఎనిమిది. ఆ సందులో మామూలు హీట్ సింక్ పేస్టు నిండితే అదే నిరోధం 0.1కి దిగుతుంది. కనుక రంధ్రం సరిగా తొలిచి, దిమ్మెకు ఒక చీలిక పెట్టి, మరతో బిగించవలెను. పేస్టు పలుచగానే పూయవలెను. అది సందు నింపడానికే గాని దళసరి పొరగా ఉండటానికి కాదు.

రాగియా, అల్యూమినియమా అని కొందరు అడుగుతారు. రాగి వేడిని రెట్టింపు వేగంగా పంచుతుంది. విందులకు బిర్యానీ వండే కళాయి పెట్టిన రాగి డేగిసా అడుగు మాడకుండా ఉండటంలో రహస్యం అదియే. అయితే రాగి మూడింతలు బరువు, ధర అధికం. ఇంత చిన్న వేడికి అల్యూమినియమే చాలును. నల్లరంగు చూసి మోజుపడనక్కరలేదు. అనోడైజు చేసినది ఏ రంగులో ఉన్నా వేడిని ఇంచుమించు ఒకే తీరున వికిరణం చేస్తుంది.

నిమిషం పాటు ప్రదర్శించడమే అయితే రెక్కల ఊసు కూడా అక్కరలేదు. నూరు గ్రాముల అల్యూమినియం ముద్ద ఒక డిగ్రీ పెరగడానికి నాలుగు వాట్లు ఇరవై సెకన్లకు పైగా శ్రమించవలెను. అప్పుడు లెక్కకు వచ్చేది బరువు. గంటల తరబడి నడిపేటప్పుడు ఉపరితలం.

ఒక్క హెచ్చరిక. 1.6 వాట్ల లేజరు నాల్గవ తరగతికి చెందినది. గోడ మీద పడి చెదిరిన వెలుగు కూడా కంటికి ప్రమాదమే. దాని రంగుకు తగిన రక్షణ కళ్ళద్దాలు లేకుండా దానిని వెలిగించరాదు. కొన్ని డయోడ్లలో తొడుగే ఒక విద్యుత్ కొస. హీట్ సింక్ మరొక లోహానికి తగిలే ముందు మీటరుతో పరీక్షించవలెను.

అంతా బిగించిన పిమ్మట మధ్యాహ్నం వేళ అరగంట నడిపి, తొడుగు ఉష్ణోగ్రతను థర్మోకపుల్‌తో కొలవండి. 50 దాటుతున్నదా, ప్రవాహాన్ని 0.9 ఆంపియర్లకు తగ్గించండి. వేడి సుమారు 3 వాట్లకు దిగుతుంది. చెక్కడం కొంత నెమ్మదిస్తుంది, అంతే.