సబ్బుకు ఉజ్జాయింపు పనికిరాదు

మన వంటింట్లో ఉప్పూ కారం అన్నీ చేతి కొలతే. పులుసులో ఉప్పెక్కువైతే ఇన్ని నీళ్ళు పోసి, ఇంకో రెండు ముక్కలు వేసి సర్దేస్తాం. సబ్బు దగ్గర ఆ సర్దుబాటు కుదరదు. గ్రాముల లెక్క కచ్చితంగా చూపే డిజిటల్ కాటా ఇంట్లో లేకపోతే, మిగతా సామానంతా ఉన్నా ఆ రోజుకి సబ్బు మాట మరిచిపోవడమే మేలు. సింగపూర్‌లో ఉన్నవాళ్ళు దీనికి తోడు ఇంకొకటి గమనించుకోవాలి: ఇక్కడి గాలిలో తేమ. సబ్బు తయారీ పుస్తకాలు, వీడియోలు చాలావరకు చలిదేశాల వాళ్ళు చేసినవి. వాటిలో ఈ సంగతి పెద్దగా కనిపించదు.

కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, నీళ్ళలో కరిగించి నూనెలో పోస్తే నూనె విడిపోతుంది. అందులోని కొవ్వు ఆమ్లాలు సోడియంతో కలిసి సబ్బవుతాయి, దాంతోపాటు గ్లిజరిన్ కూడా పుడుతుంది. ఈ గుట్టును ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1823లో పుస్తకంగా వివరించాడు. జనం మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచే సబ్బు వండుకుంటున్నారు. కాబట్టి ‘సోడా లేని సబ్బు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. లెక్క సరిపోతే తయారైన బిళ్ళలో సోడా మిగలదు, అంతే. కరిగించి అచ్చులో పోసుకునే రెడీమేడ్ బేస్ కొన్నా, ఆ సోడా పని మీకన్నా ముందు ఏదో ఫ్యాక్టరీలో జరిగిపోయిందన్నమాట. చిన్నపిల్లలున్న ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకు ఆ బేసే మంచిదని నా అభిప్రాయం.

ఇక కాటా ఎందుకంటే, ప్రతి నూనె ఒకే మోతాదు సోడా తీసుకోదు. గ్రాము కొబ్బరి నూనెకు సుమారు 0.183 గ్రాముల సోడా కావాలి. ఆలివ్ నూనెకు 0.135, ఆముదానికి 0.128 చాలు. ఉదాహరణకు ఆలివ్ నూనె 300 గ్రాములు, కొబ్బరి నూనె 150, ఆముదం 50 తీసుకుందాం. గుణించి కూడితే 74 గ్రాముల పైచిలుకు సోడా వస్తుంది. అంతా వేయరు. చర్మానికి కాస్త నూనె మిగలాలని సుమారు 5 శాతం తగ్గించి 70 గ్రాములే వేస్తారు. దానికి 140 గ్రాముల నీళ్ళు. ఇప్పుడు ఇంకొకరి దగ్గర 500 గ్రాముల కొబ్బరి నూనెకు రాసిన లెక్క ఉందనుకోండి, అందులో సోడా 87 గ్రాములుంటుంది. ‘నూనె ఏదైతేనేం’ అనుకుని కొబ్బరి నూనె బదులు ఆలివ్ నూనె పోస్తే, ఆ నూనెకు కావలసింది 67 గ్రాముల చిల్లరే. మిగిలిన 20 గ్రాముల సోడా సబ్బులోనే ఉండిపోయి ఒంటిని కాల్చేస్తుంది. నూనె మార్చినప్పుడల్లా లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి.

సోడా పూసలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. సింగపూర్‌లో గాలి తేమ సగటున 80 శాతం దాటి ఉంటుంది కాబట్టి, డబ్బా మూత తీసి పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే పూసలు చెమ్మగిల్లి ముద్ద కట్టేస్తాయి. అప్పుడు కాటా మీద చూపే 70 గ్రాముల్లో కొంత నీళ్ళే. తీయడం, తూచడం, మూత బిగించడం ఒక్క ఊపున అయిపోవాలి.

కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్ళలోకే సోడా పోయాలి, సోడా మీద నీళ్ళు కాదు. సోడా మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఆ ద్రావణం దానంతటదే సలసల కాగే దశకు దగ్గరగా వేడెక్కుతుంది, ఘాటైన ఆవిరి వస్తుంది. హెచ్‌డీబీ ఫ్లాట్ అయితే వంటింటి వెనక సర్వీస్ యార్డ్‌లో కిటికీలు తెరిచి చేయడం నయం. రక్షణ కళ్ళద్దాలు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. స్టీలు గిన్నె గానీ గట్టి ప్లాస్టిక్ గానీ వాడాలి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది. చేతి మీద పడితే వెనిగర్ కోసం వెతకవద్దు, కుళాయి కింద చాలాసేపు కడగండి. కంట్లో పడితే కడుగుతూనే 995కి ఫోన్ చేయండి.

చల్లారిన ద్రావణాన్ని నూనెల్లో పోసి హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పితే కాసేపటికి చిక్కబడుతుంది. గరిటెతో పైనుంచి జార్చిన గీత కొన్ని క్షణాలు చెదరకుండా నిలిస్తే అచ్చులో పోసే వేళయినట్టు. చలిదేశాల వాళ్ళు ‘కొబ్బరి నూనె కరిగించుకోండి, అచ్చును తువ్వాలుతో కప్పండి’ అంటారు. ఇక్కడ ఏసీ గదిలో తప్ప కొబ్బరి నూనె గడ్డకట్టదు. తువ్వాలు కూడా అక్కర్లేదు, పాలో తేనో కలిపిన సబ్బయితే కప్పడం వల్ల లోపల వేడెక్కి పైన పగులుతుంది. పసుపు వేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. సున్నం తగిలితే ఎర్రబడే పసుపు, సోడా తగిలినా అంతే. మొదట ఎర్రగా మారి, వారాలు గడిచేకొద్దీ వెలిసిపోతుంది.

ఒకటి రెండు రోజులకు ముక్కలు కోసి ఆరబెడతారు. నాలుగు నుంచి ఆరు వారాలని రాసి ఉంటుంది గానీ, ఇక్కడ ఆరు వారాలకు ఒక్క రోజూ తగ్గించవద్దు. కిటికీ పక్కన పెడితే వాన గాలికి బిళ్ళలు మళ్ళీ చెమరుస్తాయి. ఫ్యాన్ గాలి తగిలేలా, బిళ్ళకీ బిళ్ళకీ సందు వదిలి, ప్లాస్టిక్ జల్లెడ మీద పేర్చాలి. ఇనుప జాలీ తగిలిన చోట నూనె త్వరగా కనరుతుంది. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే సన్‌ఫ్లవర్ నూనెకూ ఆ కనరెక్కే గుణం ఉంది. ఎక్కువ పోస్తే కొన్ని వారాలకు బిళ్ళ మీద నారింజరంగు మచ్చలు, పాత అప్పడాల వాసన వస్తాయి. రెడీమేడ్ బేస్‌తో చేసిన సబ్బులకు ఆరబెట్టడం ఉండదు. వాటిలో గ్లిజరిన్ ఎక్కువ కాబట్టి విప్పి ఉంచితే తేమ లాక్కుని పైన నీటి బొట్లు కడతాయి. చల్లారగానే పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టేయాలి.

ఇంట్లో వాడుకోవడానికో, చుట్టుపక్కలవాళ్ళకు పంచడానికో అయితే ఇంతే. అమ్మాలనుకుంటే మాత్రం, సింగపూర్‌లో ఒంటి సబ్బు సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. 2008 నుంచి ఇక్కడ ఆసియాన్ దేశాల ఉమ్మడి నిబంధనలు అమల్లో ఉన్నాయి. దుకాణంలో పెట్టినా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా, అమ్మకానికి ముందే హెల్త్ సైన్సెస్ అథారిటీకి ఆ వస్తువు వివరాలు తెలియజేయాలి. గజ్జి తగ్గిస్తుందనో, తామర పోగొడుతుందనో అట్ట మీద రాస్తే అది సౌందర్య సాధనం హద్దు దాటి మందు లెక్కలోకి పోతుంది.