పసివాడు పలకని తొలి పిలుపు

ఆదివారం ఉదయం ఏడున్నర. ఆరాధనకు వెళ్లే హడావిడిలో ఉన్నాం. తెల్ల చొక్కా వేసుకుని, బైబిలు చేతపట్టుకుని చూస్తే బల్ల మీద ఉండాల్సిన కానుక కవరు లేదు. నెలలో మొదటి ఆదివారం కనుక దశమభాగం లెక్కకట్టి ముందురోజు రాత్రే అందులో పెట్టాం. ఇల్లంతా వెతికితే చివరికి స్నానాల గదిలో దొరికింది. మా నాలుగేళ్ల చిన్నవాడు ఆ కవరు నోరు తెరిచి, బకెట్లో నీళ్ల మీద వదిలాడు. ప్లాస్టిక్ ఏనుగు, గుర్రం దాంట్లోకి ఎక్కాయి. నోట్లు మాత్రం బయటికొచ్చి నీళ్లలో తేలుతున్నాయి.

‘‘నోవహు ఓడ నాన్నా, చూడు!’’ అన్నాడు మెరిసే కళ్లతో. అంతకుముందు వారం సండే స్కూల్లో విన్న కథ అది.

ఆలోచించేలోపే మా చెయ్యి లేచింది. ‘‘దేవుడి డబ్బుతో ఆటలా?’’ అంటూ చెంప మీద ఒక్కటిచ్చాం. వాడు వెంటనే ఏడవలేదు. ముందు మా మొహంలోకి చూశాడు, ఆ తర్వాత ఏడ్చాడు. మా శ్రీమతి వాడిని ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. మేము నోట్లను గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టి, కొత్త కవరులో పెట్టి, పావుగంట ఆలస్యంగా గుడికి చేరాం. పాటలు పాడాం, ప్రభువు నేర్పిన ప్రార్థనను అందరితో కలిసి చెప్పాం, కానుక వేశాం. అప్పటికి మా మనసులో ఉన్న చింత ఒక్కటే, ఆలస్యమైందని!

అసలు సంగతి ఆ రాత్రి తెలిసింది. మా ఇంట్లో భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట, కొంత వాక్యభాగం, చివర ప్రభువు ప్రార్థన. ఆ చివరి ప్రార్థన మొదలుపెట్టే పని మా చిన్నవాడిది. నానమ్మ ఒడిలో కూర్చుని నేర్చుకున్నాడు. ‘పరలోకం’ అన్న మాటకు వాడికి ఇంకా నోరు తిరగదు. అయినా గట్టిగా అందుకుంటాడు, మేమంతా వాడి వెనకాలే చెబుతాం. ఆ రాత్రి వాడు నోరు తెరవలేదు.

‘‘ఏం కన్నా, నిద్రొస్తోందా?’’ అని వాళ్లమ్మ అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు: ‘‘అమ్మా, తండ్రి అంటే నాన్నేగా?’’

‘‘అవును నాన్నా.’’

‘‘అయితే దేవుడు కూడా కొడతాడా?’’

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రార్థన ఆ రాత్రి అలాగే ఆగిపోయింది.

మేము లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాళ్లం. గుంటూరుకు 1842 జులై 31న వచ్చిన మిషనరీ హేయర్‌ను ‘ఫాదర్ హేయర్’ అని పెద్దలు చెప్పుకోవడం చిన్నప్పటి నుంచీ విన్నాం. మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కాటెకిజం మా ఇళ్లలో బైబిలు పక్కనే ఉండేది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఇదీ ఒకటి. బెంజమిన్ షుల్ట్జ్ చేసిన అనువాదాన్ని 1746లో జర్మనీలోని హాలెలో అచ్చువేశారు. ఆ పుస్తకంలోని ఒక్కో భాగానికి ముందు లూథర్ ఒక మాట రాశాడు. ఇంటి యజమాని తన ఇంటివారికి దీన్ని తేలిక మాటల్లో ఎలా నేర్పాలో చెబుతున్నానన్నదే దాని సారం. అంటే విశ్వాసాన్ని నేర్పే మొదటి బడి ఇల్లు, మొదటి పంతులు తండ్రి. ఈ సంగతి మాకు ఎప్పటి నుంచో తెలుసు. అయితే తండ్రి పుస్తకం విప్పకముందే పాఠం మొదలవుతుందని ఆ రాత్రే అర్థమైంది.

నిద్ర పట్టక ఆ పాత కాటెకిజం తీశాం. దేవుని నామం పరిశుద్ధంగా ఎంచబడాలన్న మొదటి మనవికి లూథర్ ఇచ్చిన వివరణ కనిపించింది. దేవుని నామం తనంతట తాను పరిశుద్ధమైనదే, మన మధ్య కూడా అది పరిశుద్ధంగా ఉండాలని ఈ ప్రార్థనలో అడుగుతున్నాం అంటాడు. దేవుని వాక్యానికి తగినట్టు బతకనివాడు ఆ నామాన్ని మన మధ్య అపవిత్రం చేస్తున్నాడని కూడా హెచ్చరిస్తాడు. చిన్నప్పుడు కంఠతా పట్టి అప్పజెప్పిన జవాబే ఇది. ఆ రాత్రి మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. ప్రభువు మనకు నేర్పిన దేవుని పేరు ఏమిటి? తండ్రి. అదే పేరును దేవుడు మనకూ ఇచ్చి ఇంట్లో నిలబెట్టాడు. దేవుడి డబ్బు తడిసిందని మేము చెయ్యి ఎత్తాం. ఆ దెబ్బతో దేవుడి పేరే మా బిడ్డ నోట పలకకుండా పోయింది. నోట్లు ఫ్యాను గాలికి గంటలో ఆరిపోయాయి. ఈ నష్టాన్ని దేనితో పూడ్చాలి?

ఇంత మాట రాసిన లూథర్ కూడా దెబ్బలు తిన్న బిడ్డే. తండ్రి ఒకసారి తనను ఎంత గట్టిగా కొట్టాడంటే తాను పారిపోయాననీ, తనను మళ్లీ దగ్గరికి తీసుకోవడానికి తండ్రి ఎంతో శ్రమపడాల్సి వచ్చిందనీ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఒక్క కాయ దొంగిలించినందుకు తల్లి రక్తం వచ్చేలా కొట్టిందనీ చెప్పాడు. అలాగని తల్లిదండ్రులను ద్వేషించలేదు, వాళ్లు తన మేలు కోరారనే అన్నాడు. 1505లో సన్యాసుల మఠంలో చేరాక ఏళ్ల తరబడి దేవుడంటే శిక్షించే న్యాయాధిపతే అనుకుని వణికిపోయాడు. తండ్రి దెబ్బలే ఆ భయానికి కారణమని చెప్పడానికి మనం ఎవరం? కానీ మా చిన్నవాడి ప్రశ్న విన్న తర్వాత ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాం.

అదే లూథర్ తాను తండ్రి అయ్యాక ఏం చేశాడు? 1530లో కోబుర్గ్ కోటలో ఇంటికి దూరంగా ఉన్నాడు. జూన్ మొదట్లో తండ్రి మరణవార్త అందింది. కీర్తనల గ్రంథం పట్టుకుని గదిలోకి వెళ్లి బాగా ఏడ్చాడట. ఆ దుఃఖం ఇంకా ఆరకముందే, అదే నెలలో, నాలుగేళ్ల కొడుకు హాన్స్‌కు ఒక ఉత్తరం రాశాడు. అందులో సిద్ధాంతాలు లేవు, బెదిరింపులు లేవు. ఒక అందమైన తోట ఉంది. అక్కడ పిల్లలు బంగారు అంగీలు తొడుక్కుని చెట్ల కింద ఆపిల్ పళ్లు, చెర్రీలు ఏరుకుంటారు, పాడతారు, గంతులేస్తారు, బంగారు కళ్లేలున్న చిన్న గుర్రాలెక్కుతారు. మా హాన్స్ కూడా రావచ్చా అని తోట యజమానిని తానే అడిగినట్టు రాశాడు. ప్రార్థన చేసుకుని, చదువుకుని, బుద్ధిగా ఉండే పిల్లలు రావచ్చన్నాడట ఆ యజమాని. దేవుని రాజ్యాన్ని నాలుగేళ్ల పిల్లవాడి కళ్లకు కనిపించేలా చెప్పిన ఉత్తరం అది. మా చిన్నవాడి వయసూ నాలుగేళ్లే. ఆ ఆదివారం వాడు బకెట్లో దేవుని రక్షణ కథనే ఆడుకుంటున్నాడు. మాకు కనిపించింది నోట్లు మాత్రమే.

ఈ సంగతి మా సంఘంలోని ఒక పెద్దాయనతో చెప్పుకున్నాం. ఆయన నవ్వి, ‘‘దానికింత బాధెందుకయ్యా? బెత్తం వాడని తండ్రి గురించి సామెతలు 13:24లో ఏముందో చదవలేదా? ఏలీ తన కొడుకులను అదుపు చేయక ఏమయ్యాడో తెలియదా?’’ అన్నారు. ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయలేం. బిడ్డ తప్పుదారి పడుతుంటే చూస్తూ ఊరుకోవడం ప్రేమ కాదు. ఏలీ కొడుకుల దుర్మార్గం తెలిసీ ఆపలేదని దేవుడే అతని మీద నేరం మోపాడు (1 సమూయేలు 3:13). అయితే మా మనస్సాక్షిని అడిగితే వేరే జవాబు వచ్చింది. ఆ రోజు మేము చేసింది శిక్షణ కాదు. కవరును ఆడుకోవడానికి తీయకూడదని వాడికి అంతకుముందు చెప్పనేలేదు. ఆలస్యమవుతోందన్న చిరాకు, నలుగురిలో చిన్నబోతామన్న బెంగ కలిసి మా చేతిని లేపాయి. దానికి దేవుడి పేరు అడ్డుపెట్టుకున్నాం.

అపొస్తలుడైన పౌలు తండ్రులకు రెండు చోట్ల ఒకే హెచ్చరిక చేశాడు: పిల్లలకు కోపం పుట్టించవద్దని. ఎఫెసీ 6:4లో దాంతోపాటు ప్రభువు శిక్షలో, బోధలో పెంచమన్నాడు. కొలొస్సీ 3:21లో కారణం చెప్పాడు, వాళ్ల మనసు కుంగిపోతుందని. ఎంత చూసి ఉంటే ఆ కారణం రాసి ఉంటాడు! మొండికేసిన బిడ్డను మళ్లీ దారిలో పెట్టవచ్చు, మనసు కుంగిన బిడ్డ మనకు దొరకడమే కష్టం. ప్రార్థనలో నోరు మూసుకుని కూర్చున్న మా చిన్నవాడిది మొండితనం కాదు, పౌలు చెప్పిన ఆ కుంగుబాటే.

ప్రభువు కూడా కోపపడ్డాడు. మార్కు 10వ అధ్యాయంలో చిన్నపిల్లలను ఆయన దగ్గరకు తెస్తుంటే శిష్యులు గద్దించారు. అక్కడ ప్రభువుకు కోపం వచ్చింది పిల్లల మీద కాదు, పిల్లలకు అడ్డుపడిన పెద్దల మీద. ఆ తర్వాత వాళ్లను ఎత్తుకుని, వాళ్ల మీద చేతులుంచి ఆశీర్వదించాడు. ఆ మాట దగ్గర మేము చాలాసేపు ఆగాం. ఆయన చేతులు పిల్లల మీద పడ్డది ఆశీర్వదించడానికి. మరి మా చెయ్యి?

మరుసటి రాత్రి కూడా వాడు నోరు విప్పలేదు. మేమూ బలవంతం చేయలేదు. మూడో రాత్రి ప్రార్థనకు ముందు వాడి ఎదుట నేల మీద కూర్చున్నాం. క్షమించమని బిడ్డను అడగడం మా నాన్నగారి కాలంలో ఎవరూ ఎరగరు. మాకూ గొంతు పెగల్లేదు. అదే తప్పు మేనేజరు ముందు చేసి ఉంటే ఈపాటికి పదిసార్లు క్షమాపణ చెప్పేవాళ్లం కదా అనిపించింది.

‘‘నాన్నా, ఆ రోజు నిన్ను కొట్టడం తప్పురా. కవరు తీయకూడదని నీకు తెలియదు. నాకు కోపం వచ్చి కొట్టాను. దేవుడు అలా కొట్టడు. నేను కొట్టినందుకు ఆయనకు కూడా బాధేసింది. ఆయన్ని క్షమించమని అడిగాను. నువ్వు కూడా క్షమిస్తావా?’’

వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. తర్వాత మా చెయ్యి పట్టుకుని అటూఇటూ తిప్పి చూశాడు. ‘‘ఇంకోసారి కొట్టవుగా?’’ అన్నాడు.

‘‘కొట్టను. నాకు కోపం ఎక్కువని నీకు తెలుసుగా. అది తగ్గాలని రోజూ ప్రార్థన చేసుకుంటాను.’’

వాడు సరేనన్నాడు. అయినా ఆ రాత్రీ ప్రార్థన మొదలుపెట్టింది వాళ్లమ్మే. దెబ్బ క్షణంలో పడుతుంది, నమ్మకం తిరిగి రావడానికి రోజులు పడుతుంది. కొడుకును మళ్లీ దగ్గర చేసుకోవడానికి లూథర్ తండ్రి పడిన శ్రమ ఏమిటో మాకు అప్పుడు తెలిసింది.

ఆ వారం నుంచి ఆ చేతులకు వేరే పని అప్పగించాం. చిన్నవాడికి పొద్దున్నే స్నానం చేయించడం, తల దువ్వడం, బడి బూట్లు తొడగడం మా పని అయింది. వివాహ జీవితం గురించి 1522లో రాసిన పుస్తకంలో లూథర్, బిడ్డ మలినపు గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా, అతడు విశ్వాసంతో చేస్తే దేవుడు తన దూతలతో కలిసి సంతోషంగా చూస్తాడని రాశాడు. పాత బకెట్టు దగ్గరే ఇప్పుడు నోవహు ఓడ ఆడుతున్నాం. ఓడ మాత్రం సబ్బు పెట్టె. ఏనుగు ఎక్కాక వాడు తలుపు వేస్తాడు. ‘‘తలుపు వేసింది దేవుడే నాన్నా,’’ అని మాకు గుర్తు చేస్తాడు. ఆదికాండము 7:16లో ఉన్నదీ అదే.

యేసుప్రభువు గెత్సేమనే తోటలో తన మాతృభాష అరామిక్‌లో ‘అబ్బా’ అని దేవుణ్ణి పిలిచాడు (మార్కు 14:36). ఆ ప్రాంతపు ఇళ్లలో పసివాళ్లూ, పెద్దవాళ్లూ కన్నతండ్రిని పిలిచే పిలుపు అది. అంత వేదనలోనూ ఆయన నోట ఆ పిలుపు భయంతో రాలేదు, నమ్మకంతో వచ్చింది. మన తెలుగువాళ్లకు దెబ్బ తగిలితే నోటి నుంచి వచ్చే మాట కూడా ‘అబ్బా’యే. మన ఇళ్లలో పిల్లల నోట ఆ మాట దేనికి వస్తోంది? నొప్పికా, నమ్మకానికా?

తర్వాతి ఆదివారం కానుక కవరును చిన్నవాడి చేతికే ఇచ్చాం. గుడి దాకా రెండు చేతులతో పట్టుకుని వచ్చి, తానే వేశాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం చదవడం అయ్యింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎదురుచూశాం. వాడు కళ్లు మూసుకుని, నోరు తిరగని ‘పరలోకం’తోనే మొదలుపెట్టాడు. ‘తండ్రీ’ అన్న చోట ఒక కన్ను తెరిచి మా వైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. మేమంతా వాడి వెనకాల చెప్పాం.

మా కోపం పూర్తిగా పోయిందని చెప్పలేం. రోజూ అడుగుతూనే ఉన్నాం. తండ్రులైన మనందరికీ ఒక మనవి. ఈ రాత్రి ప్రార్థనకు కూర్చునే ముందు బిడ్డకు చెప్పాల్సిన క్షమాపణ ఏదైనా మిగిలి ఉంటే ముందు అది చెబుదాం. ఆ తర్వాతే దేవుణ్ణి ‘తండ్రీ’ అని పిలుద్దాం. మన పక్కనే కూర్చుని ఆ పిలుపుకు అర్థం మనలో వెతుక్కునే చిన్న కళ్లున్నాయి.