వాడిన తూటా మళ్లీ నింపితే లాభమా?

అమెరికాలో గురి సాధన చేసేవారు పలువురు, పేల్చిన తూటాల ఇత్తడి తొడుగులను ఏరి ఇంటికి తెచ్చుకుంటారు. తూటాలో ఉండేవి నాలుగే: తొడుగు, నిప్పు రగిలించే ప్రైమరు, మందు, గుండు. పేలిన తరువాత మళ్లీ పనికివచ్చేది తొడుగొక్కటే. మిగిలిన మూడూ కొని నింపుకుంటే ఆదాయే కదా అని వారి లెక్క.

లెక్క బాగానే ఉన్నది. కాని నింపే యంత్రం, అచ్చులు, త్రాసు ముందుగా కొనవలె. వాటికి 300 డాలర్లయి, తూటాకు 10 సెంట్లు మిగిలినవనుకోండి. 3,000 తూటాలు కాల్చిన తరువాతగాని పెట్టుబడి తిరిగి రాదు. ఖరీదైన పెద్ద రైఫిలు తూటాలకైతే త్వరగానే గిట్టుతుంది. చౌకగా దొరికే 9 మి.మీ. పిస్తోలు తూటాలకైతే, చారాణా కోడికి బారాణా మసాలాయే! పైగా, తూటా చౌక అయినకొద్దీ కాల్చేవాని చేయి ఊరుకోదు. మిగిలిన డబ్బు మందుపాలే.

పరధ్యానంలో ఒకే తొడుగులో రెండుమార్లు మందు పోస్తే తుపాకి చేతిలోనే బద్దలు కావచ్చును. ఆ ఖరీదు ఏ లెక్కకూ అందదు.

తన తుపాకికి సరిగ్గా అమరే తూటా కావాలనే ఓపికమంతునికే ఈ పని తగును. మనకా చింత లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఇక్కడ నేరం.